ఐదు దేశాల ట్రయల్ రన్

బస్సు డిపోలో ఆయన్ని అందరూ నిమిషం గారు అనేవారు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఎదురుగా అయితే సార్ అనాల్సిందే, ఎందుకంటే ఆయన టైమ్ కీపర్. ఏ బస్సు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు కదలాలో చార్టు గీసేదీ ఆయనే, ఆ నిమిషం రాగానే కేబిన్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "రైట్!" అని కేక పెట్టేదీ ఆయనే. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఆలస్యంగా లేవలేదు. డ్రైవరు టీ సగంలో వదిలేసి పరిగెత్తేవాడు. ప్రయాణికుడు ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు నేల మీద ఉండగా దేవుణ్ని తలుచుకునేవాడు. "ఒక్క నిమిషం ఆగండి సార్, మా ఆవిడ వస్తోంది" అని ఎవరైనా బతిమాలితే, ఆయన గోడ గడియారం వైపు వేలు చూపించి, "దాన్నడుగు, అది ఆగితే నేనూ ఆగుతా" అనేవాడు.

ఇంతమందిని సాగనంపిన మనిషి తను మాత్రం చెప్పుకోదగ్గంత దూరం ఎక్కడికీ వెళ్లలేదు. బీరువా కంటే కాస్త పెద్దదిగా ఉండే ఆ కేబిన్‌లో ఒకే ఒక్క కుర్చీ. దాని మీది దిండు ఆయన ఆకారానికి ఎప్పుడో లొంగిపోయింది. కిటికీ అవతల ఊళ్ల పేర్లు తగిలించుకుని బస్సులు వెళ్లిపోతుంటే ఆయనకు లోపల కలుక్కుమనేది. ఒక్కసారైనా కిటికీ పక్క సీట్లో కూర్చుని దేశాలకు దేశాలు దాటుకుంటూ పోవాలని ఆయన కోరిక. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గు.

రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుందనగా కూతురు ఒక కబురు మోసుకొచ్చింది. ఆ అమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. పగలంతా జనం కళ్లకు పరీక్షలు పెట్టి, మిగిలిన టైములో ఫోన్ చూసి తన కళ్లు పాడుచేసుకుంటుంది. "నాన్నా, యూరప్‌కి టికెట్లు సగానికి సగం తగ్గించారు. నలుగురు కలిసి కొంటేనే ఆ రేటు. నలుగురూ సంతకాలు పెట్టిన ఫారం ఈ నెల ఆఖరి సోమవారం లోపల ట్రావెల్ ఆఫీసులో ఇచ్చెయ్యాలి" అంది. నిమిషం గారు వేళ్ల మీద లెక్కపెట్టాడు. తను, భార్య, కూతురు, అత్తగారు. సరిగ్గా నలుగురు! ఆ పూట నుంచి ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు.

మూడు వారాల్లో చార్టు తయారైంది. తలుపంత కాగితం, నాలుగు రంగుల పెన్సిళ్లు. తొమ్మిది రోజులు, ఐదు దేశాలు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, ఆస్ట్రియా, జర్మనీ. అందులో నాలుగు రాత్రులు రైళ్లలోనూ బస్సుల్లోనూ కూర్చునే నిద్ర, ఎందుకంటే హోటల్ గది దండగ. విమానంలో పెద్ద పెట్టెలకు వేరే డబ్బు గుంజుతారు కాబట్టి మనిషికి ఏడు కిలోల చేతిసంచి, అంతే. ఇంటిల్లిపాదికీ ఒక కరెంటు కెటిల్. పొద్దున అందులోనే టీ, మధ్యాహ్నం అందులోనే కోడిగుడ్లు, సాయంత్రం మళ్లీ అందులోనే టీ.

"టీ నీచు వాసన రాదా నాన్నా?" అంది కూతురు.

"బలం" అన్నాడు ఆయన.

అన్నిటినీ మించింది ఎర్ర పెన్సిలు పని. ఆ దేశాల్లో చాలాచోట్ల బాత్రూముకు వెళ్లాలన్నా నాణెం వెయ్యాలట, రైల్లో అయితే ఉచితమట. ఎక్కడో చదివాడు. చదివింది ఊరికే పోనిచ్చే మనిషి కాదు కదా! నలుగురి అవసరాలనూ ఉచితంగా జరిగిపోయే చోట్లకే సర్ది, ఎర్ర చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల్ని అత్తగారు కళ్లజోడు పైకెత్తి మరీ లెక్కపెట్టింది. ఆవిడకు డెబ్బై నాలుగు. మోకాళ్లు నూనె వెయ్యని తలుపుల్లా మోగుతాయి గానీ నోరు మాత్రం ఎప్పటికప్పుడు నూనె పోసినట్టు నడుస్తుంది. కూతురింట్లోనే ఉంటూ, అల్లుణ్ని ఉడికించడం ఒక ఉద్యోగంగా పెట్టుకుంది.

"ఇటలీలో నాకు ఒక్క చుక్క కూడా లేదేం అల్లుడుగారూ?"

"ఇటలీలో డబ్బులు తీసుకుంటారత్తయ్యా. స్విట్జర్లాండులో మీకు రెండు వేశాను."

"బానే ఉంది నాయనా. కానీ నా కడుపుకి చదువు రాదు. ఈ చార్టు దానికి ఎవరు చదివి పెడతారు?"

ఆయన వినిపించుకోలేదు. ఆయన చూపంతా భార్య మీదే ఉంది. ఆవిడ పెద్దాసుపత్రిలో మందుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా, రోజుకి ఎనిమిది గంటలు, నిలబడే. కౌంటరు ఎత్తు అలాంటిది, కూర్చుంటే జనానికి ఆవిడ కనబడదు, జనం ఆవిడకు కనబడరు. డాక్టర్ల రాతలు చదివీ చదివీ ఆవిడకు ఎలాంటి రాతైనా ఇట్టే లొంగిపోతుంది. చార్టును పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివింది.

"ఇందులో కూర్చోవడం ఎక్కడుంది?" అంది.

"రైల్లో కూర్చునే ఉంటాం కదే!"

"రైల్లో నాకు సంచులు లెక్కపెట్టే డ్యూటీ వేశారు. ఇదిగో, నీలం పెన్సిలు."

ఆయన ఆ నీలం గీతను బొటనవేలితో కప్పేశాడు. ఆవిడకు మాత్రం చాలా గుర్తున్నాయి. పదకొండేళ్ల కిందట ఈ మహానుభావుడి చార్టు నమ్ముకునే నలుగురూ రెండు రోజులు కొండల మీదికి వెళ్లారు. పద్నాలుగు చోట్లు చూశారు. చూశారని ఆయన రాసుకున్నాడు. ఆవిడకు గుర్తున్నదల్లా బస్సు వెనక మెట్లు, పరిగెత్తే ఆయన వీపు. ఆ ప్రయాణంలో తీసిన ఫోటోలన్నిటిలోనూ ఆవిడ పక్కకు తిరిగి పరిగెత్తుతూనే ఉంది. చూసినవాళ్లు ఎవరు తరుముతున్నారమ్మా అని అడిగేవాళ్లు.

"నేను సంతకం పెట్టను. ఆ డబ్బుతో వంటగదికి కప్పు వేయించుకుందాం" అంది.

నిమిషం గారు మళ్లీ వేళ్లు మడిచాడు. ఆవిడ సంతకం లేకపోతే నలుగురు కారు, నలుగురు కాకపోతే ఆ రేటు లేదు, ఆ రేటు లేకపోతే ఈ జన్మకు యూరప్ లేదు. బతిమాలాడు. మంచినీళ్లిచ్చాడు. ఒకరోజు అంట్లు కూడా తోమాడు, సబ్బు సరిగా కడగలేదనుకోండి, అది వేరే సంగతి. ఆఖరికి డిపో బుద్ధే అక్కరకొచ్చింది. డిపోలో ఏ కొత్త రూటూ నేరుగా మొదలుపెట్టరు. సీట్లలో మనుషులకు బదులు ఇసుక మూటలు వేసి, ముందు ఒక ఖాళీ బస్సును పంపిస్తారు. ఎక్కడ ఇబ్బందో అప్పుడే తేలిపోతుంది.

"ట్రయల్ రన్ వేద్దాం" అన్నాడు. "ఆదివారం ఉదయం. మన ఊళ్లోనే. ఐదు స్టాపులు, ఐదు దేశాలు. ఏడు కిలోల సంచులు మోసుకుని, అచ్చం అక్కడ తిరిగినట్టే తిరుగుదాం. కష్టమనిపిస్తే అప్పుడు చెప్పు."

భార్య కాసేపు ఆయన మొహంలోకి చూసింది. జాలిపడిందో, సరదా చూద్దామనుకుందో చెప్పలేం. "సరే. ఆదివారం నలుగురం ఒకళ్లతో ఒకళ్లం మాట్లాడుకుంటూ ఇంటికొస్తే సంతకం పెడతాను. ఒక్కళ్లు మూతి బిగించుకున్నా వంటగదికి కప్పే" అంది.

ఆదివారం ఎనిమిదింటికల్లా నలుగురూ గుమ్మంలో ఉన్నారు. బట్టలు సర్దడం దేనికి దండగని ఆయన ఒక్కో సంచిలో ఏడు కిలోల ఇసుక తూచి పోశాడు. ఫారం, పెన్ను, పాస్‌పోర్టులు ఉన్న ఫైలు కూడా చంకలో పెట్టుకున్నాడు, ట్రయల్ అంటే అన్నీ ఉండాలి కదా! పక్కింటాయన గేటు దగ్గర పళ్లు తోముకుంటూ "ఎక్కడికి ఇంత పొద్దున్నే?" అని అడిగాడు. "ఫ్రాన్స్‌కి" అంది అత్తగారు. ఆయన బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది.

ఫ్రాన్స్ అంటే నీళ్ల ట్యాంకు స్టాపు. నాలుగు ఇనప కాళ్ల మీద ఏడంతస్తుల ఎత్తున ఉంటుంది కాబట్టి దాన్నే ఈఫిల్ టవర్ అనుకోమన్నాడు. ఫోటోలకు నాలుగు నిమిషాలు, ఆశ్చర్యపోవడానికి మూడు నిమిషాలు, నడకకు పది, తిండికి ఎనిమిది. మొత్తం ఇరవై ఐదు.

"దీని కిందనుంచి నేను రోజూ డ్యూటీకి వెళ్తున్నానండీ. ఇంకా ఎంత ఆశ్చర్యపోమంటారు?" అంది భార్య.

"అక్కడ వేరేగా ఉంటుంది. ఇప్పుడు నిమిషాలు చూడు, వస్తువులు కాదు."

ఇలాంటి మాట అన్న మనిషి యూరప్ వెళ్లి ఏం చూస్తాడో మీరే ఆలోచించండి. కానీ ఆ పూట ఆయన మొహం చూస్తే ముచ్చటేసేది. ఏడు కిలోల ఇసుక మోస్తూ, బస్సులో కిటికీ పక్క సీటు దొరగ్గానే అరవైకి దగ్గరపడిన మనిషి అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. రోజూ చూసే వీధే. ఎవరో పెయింటు డబ్బాలు దింపుతున్నారు, ఒక కుక్క నిచ్చెన కింద పడుకుంది. ఆయన వాటినే నోరు తెరుచుకుని చూశాడు. పక్కన భార్య ఒడిలో రెండు సంచులు పెట్టుకుని, ఆ ముక్కునే చూస్తూ కూర్చుంది.

స్విట్జర్లాండ్ అంటే ఫ్రిజ్‌ల షోరూము. చల్లగా ఉంటుందని ఎంచుకున్నాడు. అత్తగారు లోపలికి అడుగుపెట్టిందే తడవు, అన్నిటికంటే పెద్ద ఫ్రిజ్ తలుపు తెరిచి అందులోకి మొహం పెట్టి నిలబడింది. "అబ్బ! ఈ దేశం బాగుందర్రా!"

సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏ మోడల్ చూడమంటారు మేడం?"

"ఏం వద్దు బాబూ. మేం ఇరవై ఐదు నిమిషాలే ఉంటాం. మళ్లీ ఇటలీ వెళ్లాలి. ఇంతకీ బాత్రూము ఎటువైపు? నాకు ఇక్కడ రెండు చుక్కలు రాసున్నాయి."

కూతురు వాషింగ్ మెషీన్ వెనక్కి వెళ్లి కూర్చుని నవ్వింది. సేల్స్ కుర్రాడు మేనేజరును పిలిచాడు. మేనేజరు నాలుగు సంచుల వైపూ చూశాడు. ఒక సంచి కుట్టులోంచి సన్నగా ఇసుక కారి, తళతళలాడే నేల మీద గీత గీసుకుంటూ వస్తోంది. "బాత్రూము కొనేవాళ్లకేనండీ" అన్నాడు మర్యాదగా. తలుపు కూడా మర్యాదగానే తెరిచి పట్టుకున్నాడు. స్విట్జర్లాండ్ పదకొండు నిమిషాల్లో అయిపోయింది. అత్తగారి రెండు చుక్కలూ అలాగే మిగిలిపోయాయి.

ఇటలీ ఊరి చివర. ఎప్పుడో మూతపడిన మిల్లు, కూలిన గోడలు, పిచ్చిమొక్కలు. రోమ్‌లో కూడా కూలిన గోడలే చూస్తారని ఆయన వాదన. రోడ్డుకు అవతల ఒక పెట్రోలు బంకు, ఇవతల రేకుల కప్పు వేసిన బస్టాపు, అందులో ఒక సిమెంటు బల్ల. పదకొండు నలభైకి ఆస్ట్రియా వెళ్లే బస్సు. అంటే ఇంటికి తిరిగెళ్లే దారిలో సంగీతం స్కూలు దగ్గర ఆగేది. అది తప్పితే ఎండలో నడక.

పదకొండున్నరకు అత్తగారు సంచి కింద పెట్టింది. "నేను వెళ్లాలి" అంది.

"ఇటలీలో లేదత్తయ్యా. ఆస్ట్రియా దాకా ఓర్చుకోండి."

"మీ స్విట్జర్లాండు వాళ్లు తరిమేశారుగా! నేను బంకులోకి వెళ్తున్నా. కావాలంటే నాణెం నా దగ్గరుంది" అని రోడ్డు వైపు నడిచింది. పడుతుందేమోనని భార్య వెనకాలే వెళ్లి చెయ్యి పట్టుకుంది. నిమిషం గారు వాచీ చూసుకున్నాడు. పోవడానికి మూడు, రావడానికి మూడు, మధ్యలో ఎంతో దేవుడికే తెలియాలి.

పదకొండు ముప్పై తొమ్మిదికి బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు బల్ల దగ్గర నిలబడ్డ మనిషిని చూసి ఉలిక్కిపడి, సగం లేచి నిలబడ్డాడు. పదిహేనేళ్లుగా ఆయన చేతికి భయపడి బతికినవాడు పాపం. "సార్! మీరా! రండి సార్, ఎక్కండి!" కూతురు ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రోడ్డు అవతల తల్లీకూతుళ్లిద్దరూ కనబడ్డారు. ముసలావిడ మోకాలు పట్టుకుని కుంటుతోంది, భార్య చెయ్యి ఊపుతోంది. మహా అయితే యాభై అడుగులు.

"పెద్దావిడ వచ్చేస్తోంది. ఆపనా సార్?" అన్నాడు డ్రైవరు.

నిమిషం గారు వాచీ చూశాడు. సరిగ్గా పదకొండు నలభై. ఆయన ఏమీ ఆలోచించలేదు. అసలు ఆలోచించాల్సిన పని ఆ చేతికి ఎప్పుడూ పడలేదు. దానంతటదే పైకి లేచింది.

"రైట్!" అన్నాడు.

డ్రైవరు కాలు కూడా దానంతటదే పనిచేసింది. కూతురు ఎగిరి కిందికి దూకింది. బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగిపోయింది.

"నాన్నా" అంది కూతురు మెల్లగా, "మనం ఎక్కలేదు."

ఆయన తన చేతివంక చూసుకున్నాడు. అది ఇంకా గాల్లోనే ఉంది.

భార్య వచ్చింది. తల్లిని బల్ల మీద కూర్చోబెట్టింది. పెదవి విప్పలేదు. నిమిషం గారు ఆవిడ మూతి వైపే చూశాడు. తిడితే ఫరవాలేదు, తిట్టడం కూడా మాట్లాడటమే. మాట్లాడకపోతే సంతకం పోయినట్టే. "ఏం కాదు, తర్వాతది పన్నెండుంబావుకి" అన్నాడు గబగబా. అన్నాక, ఇవాళ ఆదివారమని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

అదే బస్సు కోసం పరిగెత్తుకొచ్చి అందుకోలేకపోయిన ఒకావిడ, ఖాళీ బుట్టలు దొంతరగా పెట్టి ఆ బల్ల అవతలి కొసన కూలబడింది. కూరగాయలు అమ్ముకుని ఇంటికి పోతోంది. ఆవిడ ఫక్కున నవ్వింది. "పన్నెండుంబావు బండా? ఎక్కడుంది బాబూ అది? ఆదివారాలు ఆ బండి పీకేసి ఏడాదైంది. ఇక పన్నెండు యాభైకే. డెబ్బై నిమిషాలు ఈ రేకుల కింద ఉడకాల్సిందే."

"అయ్యో! ఎవరమ్మా అది పీకేసిన పుణ్యాత్ముడు?" అంది అత్తగారు. ఆవిడకు తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. ఆ బండి తీసేసి డీజిలు ఆదా చేసినందుకు ఆయనకు డిపోలో మెచ్చుకోలు కాగితం ఇచ్చారు. అది ఇప్పటికీ హాల్లో గోడకే ఉంది.

"ఎవడో టైములు రాసేవాడంట పెద్దమ్మా. ఫ్యాను కింద కూర్చుని గీతలు గీస్తాడు. వాడు ఒక్కనాడైనా ఈ బల్ల మీద కూర్చున్నాడా? కూర్చుంటే వాడి చెయ్యి ఆ కాగితం మీదికి పోయేదా?"

"పోదమ్మా, పోదు" అంది అత్తగారు పరమానందంగా. "ఇంకా చెప్పు."

ఆవిడ చెప్పింది. అడిగినవాళ్లకు కాదనకుండా చెప్పింది. వాడి వాచీ బావిలో పడ, వాడు ఎక్కిన ప్రతి బండీ దారిలో ఆగిపోను. నిమిషం గారు తేలు కుట్టిన దొంగలా మిల్లు గోడలవైపు తిరిగి నిలబడ్డాడు. ఆదివారం సగటున పదకొండు మంది, అని ఆయన రాసుకున్నాడు అప్పట్లో. పదకొండు మందికి బస్సెందుకని కొట్టేశాడు. ఆ పదకొండులో ఒకరికి ఇన్ని బుట్టలుంటాయనీ, ఇంత నోరుంటుందనీ ఆ చార్టులో లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నిజంగానే సిగ్గేసింది.

"వాడికి పెళ్లాం ఉందో లేదో" అంది కూరగాయలావిడ ఆఖర్న ఊపిరి తీసుకుంటూ. "ఉంటే ఎట్టా వేగుతోందో ఆ తల్లి!"

"వేగుతోందమ్మా" అంది భార్య. "ఏం చేస్తుంది మరి!"

అనేసి, ఆపుకోలేక, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కూతురు నవ్వింది. అత్తగారు మోకాళ్లు పట్టుకుని మరీ నవ్వింది. ఎందుకో తెలియకపోయినా కూరగాయలావిడ కూడా నవ్వింది. నిమిషం గారు ఒక్కడే నవ్వలేదు. మాట్లాడింది, ఇంకా ఆశ ఉంది అనుకున్నాడు.

అత్తగారు అప్పుడు తన సంచి విప్పింది. అందులో ఇసుక లేదు. రెండు దిండ్లున్నాయి. "తూచింది మీరే గానీ, మోసేది నేను కదా అల్లుడుగారూ. పొద్దున్నే పెరట్లో గుమ్మరించేశాను" అని ఒకటి తను ఆనుకుని, ఒకటి తన కూతురి వీపు వెనక పెట్టింది. భార్య చెప్పులు విడిచి, కాళ్లు రెండూ ఎత్తి భర్తగారి ఇసుక సంచి మీద చాపుకుంది. తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది.

నిమిషం గారు మాత్రం అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. పన్నెండైంది. పన్నెండుంబావైంది. తిరిగినప్పుడల్లా ఆయనకు ఆ కాళ్లు కనబడుతున్నాయి. పిక్కల మీద నీలంగా ఉబ్బిన నరాలు, పాదాల మీద చెప్పు పట్టీల అచ్చులు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో ఆవిడ కాళ్లు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కాబట్టి ఆయన వాటిని సరిగా చూసిందే లేదు. ఇప్పుడు కదలకుండా ఉన్నాయి. ఆవిడ మొహం కూడా కొత్తగా ఉంది. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడత లేదు. ఆయన నడవడం ఆపి నిలబడిపోయాడు. తను ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుని కూర్చుని విసిగిపోయాడు. ఈవిడ ఇరవై ఆరేళ్లు నిలబడి నిలబడి అలిసిపోయింది. ఒకే ఇంట్లో ఉంటూ ఈ చిన్న సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు తనను తానే ఒకటి పీకాలనిపించింది.

"నాన్నా, ఇది చూడు" అని కూతురు ఫోన్ పట్టుకొచ్చింది, తల్లి లేస్తుందేమోనని గొంతు తగ్గించి. "ఒకటే సరస్సు. చుట్టూ మూడు దేశాలు. ఒక ఒడ్డు జర్మనీ, ఒకటి ఆస్ట్రియా, ఒకటి స్విట్జర్లాండ్. ఒడ్డు మీదే వంటగది ఉన్న గది వారానికి అద్దెకిస్తారట. నీ రాత్రి బస్సులూ రైళ్లూ అన్నీ కలిపిన దానికంటే తక్కువే పడుతోంది. పడవెక్కితే ఇంకో దేశం."

"మూడే కదా" అన్నాడు ఆయన. "ఐదు అనుకున్నాం. చార్టంతా తిరగరాయాలి."

"రాయి. నీకేం, పెన్సిళ్లున్నాయిగా."

ఫ్రాన్స్‌నూ ఇటలీనీ వదులుకోవడమంటే మాటలా! ఫోన్లో ఆ నీళ్లవైపు చూశాడు. నీళ్ల పక్కన రెండు చెక్క కుర్చీలున్నాయి. ఎవరూ కూర్చుని లేరు.

పన్నెండు యాభైకి బస్సు వచ్చింది. నిమిషం అటూ ఇటూ కాలేదు, ఆయన గీసిన చార్టే మరి. కూరగాయలావిడ బుట్టలతో ముందు ఎక్కేసింది. కూతురు తల్లి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. నిమిషం గారు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎక్కరా సార్?" అన్నాడు డ్రైవరు.

ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని, వద్దన్నట్టు తలూపాడు. తర్వాత చెయ్యి ఎత్తాడు. ఈసారి ఆలోచించే ఎత్తాడు. "రైట్" అన్నాడు, పక్కనున్నవాళ్లకు కూడా వినబడనంత చిన్నగా. బస్సు కదిలింది. "పిచ్చెక్కిందా ఏంటి ఈయనకి? ఇక రెండింటికి గానీ బండి లేదు!" అని కూరగాయలావిడ కిటికీలోంచి అరుస్తూ వెళ్లిపోయింది. అత్తగారు అల్లుడి వైపు ఎగాదిగా చూసింది. ఆవిడ నోటికి ఒక్క మాటా దొరకలేదు. అలా జరగడం ఆ ఇంట్లో అదే మొదలు.

"బస్సు వెళ్లిపోయింది కదూ?" అంది భార్య, కళ్లు తెరవకుండానే.

"లేదే. ఇంకా రాలేదు."

"అబద్ధం చెప్పడం కూడా రాదు మీకు. ఆ బుట్టలావిడ అరుపు విన్నాను. ఎందుకు పంపించేశారు?"

ఆయన చంకలో ఫైలు సర్దుకున్నాడు, కళ్లజోడు సర్దుకున్నాడు. "నువ్వు కూర్చుని ఉన్నావు కదా" అన్నాడు. మాట పూర్తయిందనుకున్నాడు గానీ, లోపల ఇన్నేళ్లు దాచుకున్నది కూడా దాంతోపాటు బయటికొచ్చేసింది. "నేను ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నానే. అందరూ వెళ్తుంటే చూస్తూ. నాకు తిరగాలని ఉంది. ఎన్ని దేశాలైతే అన్ని. నీకు కూర్చోవాలని ఉంటుందని నాకు తట్టనే లేదు."

ఆవిడ కళ్లు తెరిచింది. "ఈ ముక్క ఇన్నాళ్లూ చెప్పొచ్చుగా?"

"సిగ్గేసింది."

"ఇంతోటి దానికి నా చేత ఇసుక మోయించారా!" అంది ఆవిడ. కోపంగానే అంది, కానీ పక్కకు జరిగి బల్ల మీద చోటు చేసింది. "దాని ఫోన్లో సరస్సు సంగతి నేనూ విన్నాను. అక్కడికి పోదాం. మీరు తిరగండి, ఎవరొద్దన్నారు? పొద్దున్నే పడవెక్కి ఒక దేశం, రైలెక్కి ఇంకో దేశం. తోడు కావాలంటే మీ అమ్మాయిని తీసుకుపొండి. సాయంత్రానికి వచ్చెయ్యండి. నేనూ అమ్మా ఒడ్డున కుర్చీల్లోనే ఉంటాం. మమ్మల్ని వెతుక్కునే పని కూడా ఉండదు. ఏదీ, ఆ ఫారం ఇవ్వండి."

ఆయన ఫైలు తెరిచి, తన సంతకం ఎప్పుడో పెట్టేసుకున్న ఫారం తీశాడు. పెన్ను మూత అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆవిడ దాన్ని లాక్కుని, ఫైలు మోకాలి మీద పెట్టుకుని, మందుల చీటీ మీద పెట్టినట్టు చకచకా సంతకం గీకేసింది. అత్తగారు తను సంతకం పెట్టాల్సిన గీతేదో చూపించమని చెయ్యి చాచింది. కూతురు నిలబడే పెట్టేసింది.

నిమిషం గారు భార్య పక్కన కూర్చున్నాడు. వాచీ చూసుకోలేదని చెబితే మీరూ నమ్మరు, నేనూ చెప్పను. చూసుకున్నాడు. రెండింటికి ఇంకా అరవై రెండు నిమిషాలుంది.

"బోలెడంత టైముంది" అన్నాడు.